రెండు గంటల దిక్కున ఒక దీపం

సార్‌తో నాకు 11 ఏళ్ల పరిచయం. పొద్దున ఆరింటికి బెంగళూరులో విభూతిపుర చెరువు గట్టు మీద ఎవరు ముందొస్తే వాళ్లు రెండో మనిషి కోసం ఆగాలి, అది మా రూలు. మోకాళ్ల గురించి, మనవళ్ల గురించి, బీన్స్ రేటు గురించి మాట్లాడుకుంటాం. ఆయన ఎయిర్‌ఫోర్సులో కాన్‌బెర్రా బాంబర్ నడిపిన మనిషి. వింగ్ కమాండర్‌గా రిటైరయ్యారు. సొంతూరు తెనాలి దగ్గర. నాది హిందూపురం. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ కంపెనీ ఇంజిన్ డివిజన్‌లో 1978లో అప్రెంటిస్‌గా చేరి 2018లో బయటికొచ్చాను. ఆయన విమానంలో కూర్చున్నవాడు, నేను దాని ఇంజిన్ కింద మసి పూసుకున్నవాడిని. అందుకే పేరు పెట్టి పిలవరు, "మేస్త్రీ" అంటారు. ఇన్నేళ్లలో యుద్ధం మాట ఎత్తింది ఒక్కసారే. అదీ పోయిన నెలలో.

దానికి కారణం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. ఎవరో టెర్రస్ మీద నుంచి తీసిన వీడియో పెట్టారు. దారానికి గుచ్చినట్టు వరసగా చుక్కలు ఆకాశంలో సాగిపోతున్నాయి. కింద ఒకటే మెసేజీలు. ఏలియన్స్ అని ఒకరు, డ్రోన్లని ఒకరు, ఎందుకైనా మంచిది హనుమాన్ చాలీసా చదవమని ఒకావిడ. నా మనవడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "తాతా, అవి స్టార్‌లింక్ శాటిలైట్లు, 2019 నుంచి వదులుతున్నారు" అని. మర్నాడు గట్టు మీద ఈ సంగతి చెప్పి, "చదువుకున్నవాళ్లు కూడా ఎట్లా నమ్మేస్తారో చూడండి సార్" అని నవ్వాను.

సార్ నవ్వలేదు. పది అడుగులు వేశాక, "నేనూ ఒకటి చూశాను మేస్త్రీ" అన్నారు.

1971 డిసెంబర్ రెండో వారం, పాకిస్తాన్‌తో యుద్ధం. పడమటి సరిహద్దు. ఎక్కడ లేచారో, ఎక్కడ బాంబులు వేశారో ఈరోజుకీ నోరు విప్పరు. అడిగితే "పుస్తకాలొచ్చాయిగా, చదువుకో" అంటారు. పోయేటప్పుడు నేలకి ఆనుకున్నట్టు పోయారు, పని ముగించుకుని తిరుగు దారిలో పైకి ఎక్కారు. 30,000 అడుగుల దాకా వచ్చారు, సరిహద్దు ఇంకా రాలేదు. రాత్రి తొమ్మిది, అటూ ఇటూ. చంద్రుడు లేడు. (ఇంటికొచ్చి సరిచూశాను. ఆ నెల 2న పున్నమి. రెండో వారంలో చంద్రుడు బాగా పొద్దుపోయాక గానీ లేవడు. సార్ జ్ఞాపకం అక్కడ గట్టిదే.) కింద బ్లాకౌట్, ఊళ్లకి ఊళ్లు ఆర్పేసి ఉన్నాయి. పైన చుక్కలు, కింద తారు పోసినట్టు చీకటి, రెండింటికీ మధ్య గీత కూడా కనిపించదు.

అప్పుడు కుడి పక్కన ఒక దీపం. విమానం ముక్కుని గడియారంలో పన్నెండు అనుకుంటే రెండు గంటల దిక్కున, అంటే కుడి రెక్కకి కాస్త ముందు, దాదాపు తమ మట్టానికే. చుక్క కన్నా పెద్దది. నారింజ రంగు. మిణుకుమనడం లేదు. వెంట వస్తోంది.

ముందు శత్రువు ఫైటర్ అనుకున్నారు. దారి లెక్కలు చూసే నావిగేటర్‌ని అడిగారు. సార్ నడిపిన రకంలో పైలట్ పైన గాజు బుడగలాంటి కేనపీలో కూర్చుంటాడు, అదీ మధ్యలో కాదు, ఎడమకి జరిపి ఉంటుంది. నావిగేటర్ ముందు ముక్కులో, గుహలాంటి చోట. ఆయనకి పక్కన చిన్న కిటికీ. ఇంకో సంగతి, ఏదైనా జరిగితే పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరిపోవచ్చు, నావిగేటర్‌కి ఆ సీటు లేదు. తలుపు దాకా పాకాల్సిందే. అట్లాంటి చోట కూర్చున్న మనిషి ఇంటర్‌కమ్‌లో కాసేపు ఏమీ అనలేదట. తర్వాత "ఉంది" అన్నారట. ఆ ఒక్క మాటే.

సార్ ఎడమకి తిప్పారు. దీపం అక్కడే, రెండు గంటల దిక్కునే. కొంచెం దిగారు. అక్కడే. వేగం పెంచారు. అక్కడే. "ఆరేడు నిమిషాలు, ఎనిమిది కూడా కావచ్చు" అన్నారు. ఇంధనం లెక్క చూసుకోవడానికి కళ్లు లోపలికి తిప్పి మళ్లీ ఎత్తేసరికి లేదు. ఆరిపోవడం చూడలేదు, దూరం కావడమూ చూడలేదు.

దిగాక డీబ్రీఫింగ్‌లో ఇంటెలిజెన్స్ ఆఫీసర్ అడిగినవన్నీ చెప్పారు. టార్గెట్ మీద ఏం కనబడింది, కింద నుంచి ఎంత కాల్చారు, ఎన్నింటికి దాటారు. దీపం మాట ఇద్దరూ చెప్పలేదు. చెప్పకూడదని ముందుగా అనుకోలేదు కూడా. "వాడి మొహం నేను చూశాను, నా మొహం వాడు చూశాడు, టీ తాగాం" అన్నారు సార్. మర్నాడు రాత్రి మళ్లీ ఎగరాలి. కళ్లకి లేనిపోనివి కనిపిస్తున్నాయని డాక్టర్ దగ్గరికి పంపితే ఆ విమానం ఇంకొకడు తీసుకుపోతాడు. ఆ ఇంకొకడు తిరిగి రాకపోతే? ఆ నావిగేటర్ 1990లలో పోయారు. అంతవరకు ఒకరింట్లో ఒకరు ఎన్ని భోజనాలు చేశారో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆ రాత్రి మాట రాలేదట.

నేను ఇంటికొచ్చి టిఫిన్ ముందు కూర్చున్నానే గానీ బుర్ర అక్కడే ఉండిపోయింది. దెయ్యమా, ఏలియనా అని కాదు. నన్ను తొలిచింది వేరే సంగతి. అది రాయలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పైలట్ దిగాక విమానంలో ఏదైనా తేడా అనిపిస్తే ఫారం 700లో రాస్తాడు. దాన్ని స్నాగ్ అంటాం. ఒక పక్క ఆయన ఫిర్యాదు, ఇంకో పక్క మెకానిక్ ఏం చూశాడో, ఏం మార్చాడో, సంతకంతో. ఎంత చిన్నదైనా రాయాలి. రాయని స్నాగ్‌ని బాగు చేసే మేస్త్రీ ఈ భూమ్మీద లేడు. ఇంజిన్ మా దగ్గరికి ఓవర్‌హాల్‌కి వచ్చినప్పుడు ఆ చరిత్రంతా లాగ్ కార్డుల్లో వెంట వచ్చేది. నా ఉద్యోగంలో సగం ఆ కార్డులు చదవడమే.

ఏవన్ (Avon) అనే రకం ఇంజిన్ ఒకటి గుర్తుంది, కాన్‌బెర్రాదే. ఎత్తుకి పోయాక గుడగుడమని శబ్దం వస్తోందని పైలట్ రాశాడు. స్క్వాడ్రన్‌లో రన్ చేశారు, ఏమీ లేదు. మళ్లీ ఎగిరితే మళ్లీ అదే స్నాగ్. ఇంజిన్‌ని నేల మీద బిగించి నడిపి చూసే మా టెస్ట్ బెడ్ మీద మూడు రోజులు నడిపాం. (నా ఎడమ చెవి ఇప్పుడు సగమే పనిచేయడానికి ఆ టెస్ట్ బెడ్డే కారణం, మా ఆవిడ మాత్రం నేను కావాలనే వినిపించుకోననుకుంటుంది.) పువ్వులా నడిచింది. "నేల మీద నడిపి చూశాం, స్నాగ్ కనబడలేదు" అని రాసి పంపేద్దామన్నారు చాలామంది. మా పైన ఉండే ఛార్జ్‌మన్ ఒప్పుకోలేదు. "పైలట్‌కి ఏం పనీ లేక రాశాడా?" అని మొత్తం విప్పించాడు. చివరికి ఒక బ్లీడ్ వాల్వ్, అంటే ఇంజిన్‌లో ఎక్కువైన గాలిని బయటికి వదిలేది, తేలింది. చలికి బిగుసుకుపోతోంది. పైన మైనస్ 40, 50 డిగ్రీలు, మా బెంగళూరులో 28. మా దగ్గర వేడికి అది ఎందుకు బిగుస్తుంది? స్నాగ్ నిజం, మా పరీక్షే తప్పు.

కాబట్టి సార్ దీపాన్ని కూడా లాగ్ కార్డు చూసినట్టే చూడాలనుకున్నాను. పైలట్ అబద్ధం చెప్పడు, అది మొదటి మాట. పైలట్ చెప్పిన కారణం నిజమని లేదు, అది రెండో మాట. "గుడగుడ" వరకే ఆయనది. ఎందుకన్నది మాది.

మర్నాడు గట్టు మీద ప్రశ్నలు మొదలుపెట్టాను. సార్‌కి మొదట కోపమొచ్చింది, తర్వాత సరదా పుట్టింది.

"ఫైటర్ రీహీట్ మంట కాదా సార్? పాకిస్తాన్ వాళ్ల దగ్గర మిరాజ్‌లు, స్టార్‌ఫైటర్లు ఉండేవి కదా."

"రీహీట్ మంట ముందు నుంచి కనిపిస్తుందా మేస్త్రీ? నువ్వు ఇంజినోడివి, నువ్వే చెప్పు."

నిజమే. రీహీట్ అంటే ఇంకా వేగం కోసం ఇంజిన్ తోకలో మళ్లీ ఇంధనం మండించడం, ఆ మంట వెనక్కి తన్నుతుంది. ఫైటర్ మనకి ముందు పక్కన, మనం పోయే వైపే పోతుంటే దాని వెనక భాగం కొంచెం కనిపిస్తుంది, కాదనను. కానీ అది తాగే ఇంధనానికి ఎనిమిది నిమిషాలు ఎవడూ వెలిగించుకుని పక్కన షికారు చేయడు. పైగా పక్కనే ఉన్నవాడు కాల్చకుండా ఎందుకు పోతాడు?

"కరాచీ మంటలు?" డిసెంబర్ 4న మన మిసైల్ బోట్లు, హంటర్ విమానాలు కొట్టాక కరాచీ రేవులోని కియామారి చమురు ట్యాంకులు రోజుల తరబడి మండాయి. ఎంతో దూరం నుంచి కనిపించేవట.

"అది మా అందరికీ తెలిసిన మంటే. కింద ఉంటుంది. దానికి పొగ ఉంటుంది."

సెయింట్ ఎల్మో మంట అని ఒకటుంది. ఉరుముల మేఘాల్లో రెక్కల అంచులకి నీలంగా విద్యుత్తు పాకుతుంది. అది విమానానికి అంటుకునే ఉంటుంది, పైగా డిసెంబర్లో ఆ ఎడారి వైపు ఉరుములేవి? కొట్టేశాను. ఇక కేనపీ గాజులో ప్రతిబింబం. లోపలి ఎర్ర దీపమేదైనా గాజు మీద పడితే, విమానం ఎటు తిప్పినా అది అక్కడే ఉంటుంది. సార్ చెప్పింది అచ్చం అట్లాగే ఉంది! నాకు పట్టు దొరికిందనుకున్నాను. సార్ ఒక్క మాటతో తీసేశారు: "నా గాజులో ప్రతిబింబం ముక్కులో కూర్చున్నవాడికి ఎట్లా కనిపిస్తుంది?"

ఆ "ఉంది" అన్న మాట దగ్గరే నేను ప్రతిసారీ ఆగిపోతున్నాను.

ఇట్లాంటివి ఇంకెవరైనా చూశారా అని చదవడం మొదలుపెడితే, రెండో ప్రపంచ యుద్ధమంతా ఇదే గోల. 1944 నవంబర్ చివర్లో అమెరికా వాళ్ల 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్‌కి చెందిన బోఫైటర్ విమానం ఒకటి రైన్ నది మీద, స్ట్రాస్‌బర్గ్ దగ్గర తిరుగుతోంది. పైలట్ ఎడ్వర్డ్ ష్లూటర్, రాడార్ మనిషి డొనాల్డ్ మైయర్స్, వాళ్లతో పాటు ఊరికే చూద్దామని వచ్చిన ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఫ్రెడ్ రింగ్‌వాల్డ్. ముందు చూసింది రింగ్‌వాల్డే. ఎనిమిదో పదో దీపాలు వరసగా. చుక్కలేమో అనుకున్నారు. కింద రాడార్ వాళ్లని అడిగితే అక్కడేమీ లేదన్నారు. విమానంలోని రాడార్‌లోనూ ఏమీ లేదు. అటు తిరిగితే మాయం, కాసేపటికి ఇంకోచోట. ఆ రాత్రి సంగతి వాళ్లూ వెంటనే రాయలేదు. నవ్వుతారని, బుర్ర చెడిందంటారని. తర్వాత మిగతా క్రూలు కూడా చూడటం మొదలయ్యాక గానీ కాగితం మీదకి రాలేదు. మైయర్స్ ఒక కామిక్‌లోని అర్థంలేని మాట తీసుకుని వాటికి "ఫూ ఫైటర్లు" అని పేరు పెట్టాడు.

ఇంటెలిజెన్స్ ఆఫీసరే కళ్లారా చూసి కూడా ముందు నోరు మూసుకున్నాడంటే, మా సార్‌ని నేనెట్లా తప్పుపట్టను?

మనకి ఇంకా దగ్గరిది ఒకటుంది. ఆల్వా రీడా అనే కెప్టెన్ బీ-29 బాంబర్ నడిపేవాడు. వాళ్ల స్థావరం మన ఖరగ్‌పూర్. 1944 ఆగస్టు 10 రాత్రి సిలోన్ నుంచి లేచి సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కర్మాగారం మీద బాంబులు వేశారు. తిరుగు దారిలో కుడి పక్కన 500 గజాల దూరంలో ఎర్రగా, నారింజగా ఒక గోళం. కుడి వైపు గన్నర్, కో-పైలట్ ముందు చూశారు. రీడా అటూ ఇటూ తిప్పినా, ఎక్కినా దిగినా వదల్లేదు. ఎనిమిది నిమిషాల పాటు అట్లాగే ఉండి, ఒక్కసారిగా పక్కకి తిరిగి మేఘాల్లోకి పోయిందని ఆయన చెప్పాడు. సార్‌కి ఈ ముక్క ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన కర్రని నేల మీద రెండుసార్లు కొట్టి, "కుడి పక్కనే, ఎనిమిది నిమిషాలే" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. తర్వాత ఆలోచిస్తే, సార్ ఇది ఎప్పుడో ఎక్కడో చదివి ఉంటే ఆ ఎనిమిది అందులోంచే వచ్చి ఆయన ఆరేడుతో కలిసిపోయి ఉండొచ్చు అనిపించింది. చదివారా అని అడగలేదు. అడగాల్సింది.

(ఆ రోజుల్లోనే మా ఫ్యాక్టరీ కూడా అమెరికా వాళ్ల చేతిలో ఉండేది. 1940లో మొదలైన కంపెనీ, 1943 నుంచి వాళ్ల విమానాల రిపేర్ డిపో. కాటలీనాలు, డకోటాలు ఇక్కడే బాగుపడి పోయేవి.)

1953 జనవరిలో అమెరికా ప్రభుత్వం రాబర్ట్‌సన్ అనే ఆయన కింద శాస్త్రవేత్తల కమిటీ ఒకటి వేసింది. అందులో తర్వాత నోబెల్ తెచ్చుకున్న లూయిస్ అల్వారెజ్ కూడా ఉన్నారు. ఫూ ఫైటర్ల గురించి వాళ్లు చెప్పింది ఇంతే: సెయింట్ ఎల్మో మంట లాంటి విద్యుత్తు కావచ్చు, గాల్లోని మంచు ముక్కల మీద పడిన వెలుగు కావచ్చు, అసలు కారణం మాత్రం ఎప్పుడూ తేలలేదు. అంటే మా భాషలో, నేల మీద నడిపి చూశాం, స్నాగ్ కనబడలేదు.

ఇదంతా చదివినా ముడి విడలేదు. విడదీసింది మా పూజ గదిలో అగరొత్తి.

ఒక సాయంత్రం వాన పడి కరెంటు పోయింది, జనరేటర్ కూడా మొరాయించింది. మా ఆవిడ అప్పుడే దీపారాధన చేసి, అరటిపండుకి అగరొత్తి గుచ్చి వచ్చింది. దీపం కొండెక్కింది. చీకట్లో అగరొత్తి కొస ఒక్కటే ఎర్రగా. గడపలో కూర్చుని ఊరికే దాన్ని చూస్తున్నాను. ఒక నిమిషం కాకముందే అది కదిలింది. మెల్లగా, నీళ్లలో తేలినట్టు, ఎడమకి. కిటికీ మూసే ఉంది. మా ఆవిడని పిలిచి పక్కన కూర్చోబెట్టాను.

"ఎడమకి పోతోంది కదా?"

"అవునండీ, ఎడమకే."

ఫోన్ టార్చ్ వేశాను. అగరొత్తి అరటిపండులో నిటారుగా ఉంది, వెంట్రుక వాసి కదల్లేదు. టార్చ్ ఆర్పితే మళ్లీ ప్రయాణం. "నాకు నిజానికి పైకి పోతున్నట్టు ఉండింది, మీరు ఎడమకన్నారని నేనూ ఎడమకన్నాను" అంది మా ఆవిడ, చాలా మామూలుగా.

దీనికి ఆటోకైనెటిక్ ఎఫెక్ట్ అని పేరుంది. చీకట్లో ఒంటరిగా ఉన్న చిన్న వెలుగుని తదేకంగా చూస్తే, పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు, అది కదులుతున్నట్టు కనిపిస్తుంది. 1799లో హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త కానరీ దీవుల్లో కొండెక్కి చుక్కలు ఊగుతున్నాయని రాసుకున్నాడు. నిజంగా ఊగుతున్నాయనే అనుకున్నాడు. ఆ ఊగడం చూసేవాడి కళ్లలోనే ఉందని తేలడానికి ఇంకో యాభై ఏళ్లు పైన పట్టింది. 1935లో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన అమెరికాలో మనుషుల్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, కదలని దీపం చూపించి, ఎంత దూరం కదిలిందో చెప్పమన్నాడు. విడివిడిగా అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. కలిపి కూర్చోబెడితే కాసేపటికి అందరి లెక్కా ఒకచోటికి చేరింది. మా ఆవిడ చేసింది అదే. ఆమెని నేను ఏ పరిశోధనకీ పంపలేదు పాపం.

పైలట్లకి ఇవన్నీ నేర్పే చోటు మాకు కూతవేటు దూరంలోనే ఉంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఎయిర్‌ఫోర్సు వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, 1957 నాటిది. నలభై ఏళ్లు దాని గేటు ముందు నుంచి బస్సులో పోయాను, లోపల ఏం చేస్తారో ఒక్కనాడూ ఆలోచించలేదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట పడుతుందని, ఆక్సిజన్ కాస్త తగ్గినా రాత్రి చూపు ముందుగా దెబ్బతింటుందని, ఒంటరి దీపాన్ని గుచ్చి చూడకుండా చూపు తిప్పుతూ ఉండాలని పైలట్లకి చెబుతారు. సార్‌కీ చెప్పే ఉంటారు. కానీ వెనక నుంచి ఎవడైనా తరుముతున్నాడేమోనని గుండె కొట్టుకుంటుంటే ఆ పాఠం ఎవడికి గుర్తుంటుంది?

అప్పుడు నాకు నావిగేటర్ మాట వేరేగా వినిపించింది. ఆయన "ఉంది" అన్నారు. "వస్తోంది" అనలేదు. రెండు వేరువేరు కిటికీల్లోంచి ఇద్దరు చూశారు కాబట్టి దీపం ఉంది, అది ప్రతిబింబం కాదు. వెంట రావడం మాత్రం ఒక్క సార్ చెప్పిందే.

మరి ఉన్నదేమిటి? ఆ నెల తొమ్మిది గంటల వేళ మృగవ్యాధుడు (సిరియస్) అప్పుడే లేస్తాడు. ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశమైన చుక్క. తూర్పుకి కాస్త దక్షిణంగా, సరిగ్గా దిగంతం మీద. 30,000 అడుగుల్లో ఉన్నవాడికి అది తన మట్టానికే ఉన్నట్టుంటుంది. అంత కిందుగా ఉన్నప్పుడు రంగు ఎర్రబారుతుంది. కాస్త పైకొచ్చాక తెల్లబడి మామూలు చుక్కల్లో కలిసిపోతుంది, "కళ్లెత్తేసరికి లేదు" అనిపించొచ్చు. చుక్క మన వెంట రావడం చిన్నప్పుడు చంద్రుడు మన బస్సు వెంట రావడం లాంటిదే. ఎడమకి తిప్పినప్పుడు ఒక ఇరవై డిగ్రీలు తిప్పి ఉంటే అది రెండు నుంచి రెండున్నర దాటి జరగాలి, కానీ ఆ కంగారులో గడియారం దిక్కులో ఆ అర గంట తేడా ఎవరు కొలుస్తారు? అన్నీ కుదురుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆ చుక్క రెండు గంటల దిక్కున ఉండాలంటే విమానం ఈశాన్యం వైపు పోతుండాలి. నేరుగా తూర్పుకో ఆగ్నేయానికో పోతుంటే నా లెక్క మొత్తం చెత్తబుట్టకే. ఇంకా ఒకటుంది, దిగంతం దగ్గర మృగవ్యాధుడు విపరీతంగా మిణుకుతాడు. సార్ దీపం మిణకలేదు.

ఇదంతా ఒక పొద్దున గట్టు మీద చెప్పేశాను. నాకు ఉత్సాహం ఎక్కువైపోయింది, అగరొత్తి నుంచి మొదలుపెట్టి ఆపకుండా. సార్ విన్నారు. చివర్లో, "అయితే చుక్కని చూసి భయపడి తోక ముడిచానంటావు" అన్నారు.

"అట్లా కాదు సార్, కళ్ల పనే అది, ఎవరికైనా..."

"సరేలే" అని వెళ్లిపోయారు.

మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే జలుబన్నారు. మా ఆవిడ నన్ను తిట్టింది. "యాభై ఏళ్లు దాచుకుని ఆయన నీకొక మాట చెబితే, నువ్వు దాన్ని స్పానర్లు పెట్టి విప్పేశావు" అంది. ఆమె నన్ను నువ్వు అనేది బాగా కోపం వచ్చినప్పుడే.

నాలుగో రోజు సార్ గుడ్డ సంచితో వచ్చారు. లోపల పాత లాగ్‌బుక్. "ఈశాన్యమో కాదో ఇందులో చూడు" అన్నారు. తేదీ ఉంది, విమానం నంబరు ఉంది, నావిగేటర్ పేరు ఉంది, రాత్రి గంటల గడిలో 2 గంటల 35 నిమిషాలు ఉంది. దిక్కు ఉండదు కదా లాగ్‌బుక్‌లో. అది రాసేది నావిగేటర్ చార్టులో, ఆ కాగితాలు దిగిన రాత్రే ఇచ్చేశారు. ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, పక్కనే దిక్కు, ఎత్తు, టైము కూడా రాసుకునేవాళ్లు. ఇప్పుడు నేను ఐదు నిమిషాల్లో చుక్కో కాదో తేల్చేవాడిని. ఈ మాట పైకి అనలేదు. సార్ మొహం చూస్తే ఆయనకి ముందే తట్టినట్టుంది.

పోయిన ఆదివారం ఇద్దరం హెచ్ఏఎల్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడ ఆరుబయట ఒక కాన్‌బెర్రా ఉంది. 1957 నుంచి యాభై ఏళ్లు ఎయిర్‌ఫోర్సులో పనిచేసి 2007లో సెలవు తీసుకున్న జాతి. పిల్లలు పాప్‌కార్న్ తింటూ దాని కింద పరిగెడుతున్నారు. సార్ కుడి రెక్క దగ్గరికి వెళ్లి నిలబడి, కర్ర ఎత్తి, "ఇక్కడ" అన్నారు. కర్ర కొస చెట్టు ఆకుల వైపు చూపిస్తోంది. చేయి వణికింది, కర్ర మాత్రం దించలేదు. "ఇంత ఎత్తులో. ఇంత లావు." నేను కర్ర కిందకి వెళ్లి చూశాను. ఏం కనబడుతుందనుకున్నానో నాకే తెలియదు.

ఏవన్ స్టార్ట్ చేసేటప్పుడు కార్ట్రిడ్జ్ పేలితే వచ్చే ఆ నల్ల పొగ, తుపాకిమందు వాసన గుర్తుందా అని అడిగారు. గుర్తులేకపోవడమేమిటి. కాసేపు అదే మాట్లాడుకున్నాం.

క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ నా డైరీలో ఒక పేజీ తీసి మధ్యలో గీత కొట్టాను. ఎడమ పక్క రాశాను: తేదీ, టైము సుమారు 21.00, ఎత్తు 30,000 అడుగులు, దిక్కు తెలియదు, కుడి వైపు రెండు గంటలకి నారింజ రంగు వెలుగు, 8 నిమిషాలు, నావిగేటర్ కూడా చూశారు. సార్ వైపు తిప్పాను. జేబులోంచి పెన్ను తీసి 8 కొట్టేసి 6 అని రాశారు. "నారింజ" కొట్టేసి, కొంచెం ఆలోచించి, "కుంపట్లో నిప్పు రంగు" అని రాశారు. కుడి పక్క గడిలో నేను మృగవ్యాధుడు అని రాస్తాననుకున్నారేమో, నా పెన్ను వైపే చూస్తున్నారు. నేను మూత పెట్టేశాను.

"అయితే ఇక్కడ సంతకం నాదే కదా" అని ఎడమ గడి కింద పెట్టారు. అలవాటుగా ర్యాంకు కూడా రాశారు. ఫ్లైట్ లెఫ్టినెంట్ అని ఉంది.